గోడకు అతికించిన మూత

ఆగస్టు 17, ఆదివారం

ఫ్యాను బిగించడం అయింది. ఇక స్నానాలగదిలో ఆవిరి నిలవదు. పెళ్ళయిన ఏడేళ్ళ నుంచి మా అబ్బాయి నరేంద్రన్ అడుగుతున్న ఎగ్జాస్ట్ ఫ్యాను అది. కొట్టువాడు మనిషిని పంపుతానన్నాడు, వద్దన్నాను. ముప్పై ఒక్క ఏళ్ళు కరెంటాఫీసు స్తంభాలెక్కిన వాడి ఇంట్లో ఇంకొకడు వచ్చి ఫ్యాను బిగిస్తే నలుగురూ నవ్వరూ?

గొట్టం సంగతి మాత్రం ఇక్కడ రాసుకోవాలి. ఈ తమిళ ఊళ్ళో మా ఇంట్లో తెలుగు మాట్లాడేవాళ్ళే గాని చదివేవాళ్ళు లేరు. నాయన పలక మీద దిద్దించిన అక్షరాలు నాతోనే ఆఖరు. ఇంతకంటే మంచి తాళం ఏ బీరువాకూ దొరకదు.

ఫ్యాను పీల్చిన ఆవిరిని గొట్టం గోడలోంచి బయటికి మోసుకుపోవాలి. అది పద్ధతి. మా గోడకు అవతల నాలుగడుగుల సందు, సందుకు అవతల అన్నయ్య సుబ్బరాయలు ఇల్లు. సరిగ్గా ఎదురుగా ఆయన పూజగది కిటికీ, కిటికీలో నాయన నాటి పెరుమాళ్ళ పటం. ఆస్తి భాగాలప్పుడు పటం పెద్దవాడికి పోయింది. ఆ గొడవల్లో పదకొండేళ్ళు మా మధ్య మాటల్లేవు. మొన్న, పోయిన నెల ఆడి మాసంలో ఆయనే సందులో ఆగి, "ఏంరా రంగా, బాగుండావా?" అన్నాడు. ఆ రోజు అన్నం సయించలేదు నాకు, సంతోషంతో.

పోయిన వారం గోడ మీద సుద్దతో గుండ్రం గీస్తుంటే చూశాడు.

"ఏందిరా అది?"

చెప్పాను.

"కక్కసు గాలి పెరుమాళ్ళ మొగాన కొట్టేదా? వొద్దురా. ఆ గోడ పొడవొద్దు."

"సరేన్నా," అన్నాను. పదకొండేళ్ళ తర్వాత ఆయన అడిగిన మొదటి కోరిక.

స్నానాలగదికీ, పక్కనే కొడుకూ కోడలూ పాపా పడుకునే పిల్లవాళ్ళ గదికీ కలిపి జిప్సం పలకల సీలింగు ఉంది. దాని పైన రెండడుగుల ఖాళీ. గొట్టం మూతి అక్కడ వదిలేశాను. అంత చోటులో కాస్త ఆవిరి ఏమైపోతుందో ఎవరికి తెలుస్తుంది? నరేంద్రన్ కోసం సందు వైపు గోడకు ప్లాస్టిక్ మూత ఒకటి సిమెంటుతో అతికించాను. వెనక రంధ్రం లేదు. వాడు సేదరపేట్ ఫ్యాక్టరీ నుంచి వచ్చి, తలెత్తి చూసి "సూపర్ నైనా" అన్నాడు. అన్నయ్యకు మాత్రం మూత ఉత్తదేనని చెప్పాను, నవ్వాడు. పామూ చచ్చింది, కర్రా విరగలేదు.

ఆగస్టు 18

సందులోంచి చూశాను. మూత చక్కగా ఉంది.

సెప్టెంబరు 6, శనివారం

పిల్లవాళ్ళ గది సీలింగు మూలన చింతగింజంత మచ్చ. నల్లగా.

కోడలు నివేదిత తలంటుకుంటే గంట పడుతుంది. గీజరు ఖాళీ అయ్యేదాకా బయటికి రాదు. ఆవిరికి ఫ్యాను మాత్రం ఎంతని పీలుస్తుంది? మా ఆవిడ జయలక్ష్మమ్మతో అన్నాను, కోడలికి వినబడేట్టే అన్నాను. వంటింట్లో గిన్నె ధన్‌మంది. అత్త మీద కోపం దుత్త మీద అంటారు, ఇక్కడ మామ మీద కోపం.

బ్లీచింగ్ పౌడరు నీళ్ళతో తుడిచేశాను. పోయింది.

పాపకు జలుబు. ఆరేళ్ళ పిల్ల, బడికి పోతుంది, జలుబు తెచ్చుకుంటుంది. మా నెల్లితోపులో ఏ ఇంట్లో లేదు జలుబు?

సెప్టెంబరు 14

మళ్ళీ వచ్చింది. తుడిచాను.

సెప్టెంబరు 20, శనివారం

పెరుమాళ్ళకు ప్రీతైన పురట్టాసి నెలలో మొదటి శనివారం. అన్నయ్య ఇంట్లో తళిగ, అంటే పెరుమాళ్ళకు అన్నరాసుల నైవేద్యం. పదకొండేళ్ళ తర్వాత పెరుమాళ్ళ ముందు మా రెండు కుటుంబాలూ కలిసి కూర్చున్నాయి.

పొద్దున్నే పాపకు నామం పెట్టి, నామం పెట్టిన చెంబు చేతికిచ్చాను. నాయన కాలం నుంచీ అంతే, ఇంట్లో బియ్యం ఎన్ని బస్తాలున్నా మూడిళ్ళలో గోవిందా అని అడిగి తెచ్చిన పిడికెడు బియ్యం కలపందే తళిగ కాదు. మొదటి ఇంట్లో "గోవిందా!" అని గట్టిగా అరిచింది. రెండో ఇంట్లో కొంచెం తగ్గింది. మూడో గడప దగ్గర "గో" అని దగ్గు అందుకుంది. వంగి, చెంబు కింద పెట్టి, మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని దగ్గింది. ఆ ఇంటి మరగతం అక్క బియ్యం పోస్తూ, "పిల్లకి వీసింగ్, ఆయాసం ఏమన్నా ఉండాదా ఏందయ్యా?" అంది. దుమ్ము అన్నాను. మిగిలిన గోవింద నేనే అరిచాను.

అరిటాకుల మీద చక్కెరపొంగలి, పులిహోర, దద్దోజనం రాసులు పోసి, పిండిదీపం వెలిగించారు. అన్నయ్య నా ఆకులో ఆయన చేత్తోనే వడ్డించాడు. "మాట నిలబెట్టినావురా రంగా," అన్నాడు. ఆయన కళ్ళలో నీళ్ళు. నా కళ్ళలోనూ. పక్కన పాప దగ్గుతూనే ఉంది.

సెప్టెంబరు 26, శుక్రవారం

జయలక్ష్మమ్మ సాంబ్రాణి వేస్తుంటే ఆపమన్నాను. పాప దగ్గు ఆ పొగవల్లే.

"ముప్పై ఆరేళ్ళుగా వేస్తుండా. నరేంద్రన్ ఒక్కనాడన్నా దగ్గినాడా?" అంది.

అరిచాను. వీధి దాకా వినబడేట్టు అరిచాను. తను నిప్పుల మీద నీళ్ళు పోసి, ధూపం పళ్ళెం కడిగి బోర్లించింది. గెలిచాను. గెలిచినవాడికి ఉండాల్సిన సంతోషం మాత్రం లేదు.

అక్టోబరు 4

సీలింగుకు రెండు పూతలు పెయింటు వేశాను. మల్లెపువ్వులా ఉంది. నా చేతిలో ఇంకా పనితనం ఉంది.

పెయింటు వాసనని పాప మూడు రోజులు మా దగ్గర హాల్లో పడుకుంటుంది.

అక్టోబరు 7

పాప దగ్గు తగ్గింది. పెయింటు మంచి రకం.

అక్టోబరు 8, బుధవారం

పాప మళ్ళీ తన గదికి వెళ్ళింది.

సాయంత్రం వాన తెరిపివ్వగానే ఇద్దరం సందులో కాగితం పడవలు వదిలాం. పైకి చూసి అడిగింది, "తాతా, మా బడి జయంతి మిస్ ఇంటికాడ గొట్టం మూత టపటపా కొట్టుకుంటాది. మనది ఎందుకు కదలదు?"

"మనది మంచి కంపెనీదమ్మా. శబ్దం చెయ్యదు."

నమ్మింది. అబద్ధం చెప్పడానికి ఇంత సులువైన మనిషి ఈ భూమ్మీద ఇంకొకరు లేరు. పడవ నా చేతిలోనే నానిపోయింది.

అక్టోబరు 12, ఆదివారం

మచ్చ పెయింటులోంచి పైకి తేలింది. ఈసారి అరచెయ్యంత.

నివేదిత అంది, "మామా, కింద ఎంత తుడిచినా వస్తుండాది. పైన ఏమన్నా కారుతుందేమో, ఎవురినన్నా పిలిపించి చూపిద్దామా?"

"నాకు తెలియంది వాళ్ళకేం తెలుస్తాదమ్మా?"

"అట్ట కాదు మామా..."

"నేను బతికుండగా నా ఇంట్లో ఇంకొకడు నిచ్చెన వెయ్యక్కర్లేదు."

కోడలు లోపలికి వెళ్ళింది. గంట తర్వాత రెండు సంచులు సర్దుకుని వచ్చింది. "పాపకి దగ్గు నిమ్మళించేదాకా విల్లియనూర్లో మా అమ్మ కాడ ఉంటా అత్తా," అని జయలక్ష్మమ్మతో చెప్పింది, నాతో కాదు. నరేంద్రన్ బండి తీశాడు. పాప వెనక్కి తిరిగి చెయ్యి ఊపింది. ఇల్లు ఒక్కసారిగా పెద్దదైపోయింది.

అక్టోబరు 17

విల్లియనూరు వెళ్ళిన దగ్గర్నుంచీ దగ్గు లేదట. సరే. అక్కడ సముద్రగాలి లేదు, ఉప్పు తగలదు, అందుకే. ఆ మాటే జయలక్ష్మమ్మతో అంటే, "కురుచికుప్పంలో అలల పక్కన ఇంతమంది పిల్లకాయలు పెరుగుతుండారే," అంది. ఆడవాళ్ళకు లాజిక్కు ఎక్కువ.

అక్టోబరు 19, ఆదివారం

దీపావళికి పాప వచ్చింది! తెల్లటి గౌను. కొంచెం ఒళ్ళు చేసింది. నాలుగు మెట్లు ఒక్క దూకు దూకింది.

అక్టోబరు 21, మంగళవారం

వివరంగా రాయాలి. రాయకపోతే నాలో నేనే మార్చేసుకుంటాను.

పొద్దున ఆరింటికి నివేదిత కేక. పాప మంచం మీద కూర్చుని రెండు చేతులూ పరుపుకు ఆనించి ఊపిరి లాగుతోంది. లాగిన ప్రతిసారీ మెడ కింద గుంట పడుతోంది. ఈల వేసినట్టు శబ్దం. ఏడవడానికి కూడా గాలి లేదు దానికి. ఆటోలో నా ఒళ్ళో పడుకోబెట్టుకున్నాను. నా చొక్కా గుండీ పట్టుకుని వదల్లేదు.

ఆసుపత్రిలో ముక్కుకూ నోటికీ మాస్కు పెట్టి మందు పొగ ఎక్కించారు. అరగంటకు గుంట పడటం తగ్గింది. అప్పుడు డాక్టరమ్మ అడిగింది, పిల్ల పడుకునే గదిలో చెమ్మ ఉందా, గోడలకు, సీలింగుకు బూజు పట్టిందా అని.

నివేదిత నోరు తెరిచింది.

"లేదు డాక్టర్," అన్నాను. నేను, ముందుగా. "ఇంటి పనులన్నీ నేనే చూసుకుంటా. బాత్రూముకి ఫ్యాను కూడా పెట్టినాను. బయటికే."

పెద్దవాడు మాట్లాడాక కోడలు ఏం మాట్లాడుతుంది? నా వైపు చూసి నోరు మూసుకుంది. డాక్టరమ్మ ఇంకో కాగితం తీసి, మీ వైపు ఎవరికైనా ఉబ్బసం ఉందా అని అడిగింది. "మా నైనాకి ఉండింది," అంది నివేదిత, తప్పు చేసినదానిలా.

అక్టోబరు 22

టపాసుల పొగ.

అక్టోబరు 23

టపాసుల పొగే. ఊరంతా దగ్గుతోంది. పాపను మళ్ళీ విల్లియనూరు తీసుకుపోయారు.

అక్టోబరు 24

టపాసుల పొగ అని రాయడానికి కూర్చుని పావుగంట అయింది.

అక్టోబరు 25, శనివారం

పదకొండింటికి నిచ్చెన వేశాను. నరేంద్రన్ డ్యూటీలో ఉన్నాడు. జయలక్ష్మమ్మను పిలిచి, గీజరు వేసి వేడినీళ్ళు వదిలి, ఫ్యాను పెట్టి తలుపు మూసెయ్యమన్నాను. ఎందుకని అడగలేదు.

పిల్లవాళ్ళ గది గుమ్మం పక్కన సీలింగు పలక ఒకటి తీసి తల పైకి పెట్టాను. ముందు వాసన తగిలింది. తడిసిన గోనెసంచి వాసన. టార్చి వేశాను. గొట్టం మధ్యలో జారి వేలాడుతోంది, ఆ వంపులో నీళ్ళు. మూతి కింద పలక నానిన అప్పడంలా దిగబడింది. చెక్కబద్దెల నిండా నల్లటి నూగు. ఆ నూగు స్నానాలగది పైన కొంచెమే. పిల్లవాళ్ళ గది పైన దుప్పటి పరిచినట్టు ఉంది.

ఇంతలో ఆవిరి రావడం మొదలైంది. గొట్టం మూతిలోంచి తెల్లగా వచ్చి, ఒక్కక్షణం అక్కడే తచ్చాడి, పాప గది పైకి పాకింది. టార్చి వెలుగులో చూస్తూనే ఉన్నాను. పలకల సందుల్లోంచి కిందికి, సరిగ్గా మంచం ఉన్న చోటికి దిగింది. రోజుకు నాలుగు స్నానాలు, పది వారాలు.

ఎవడైనా కొత్త కుర్రాడు నా కింద పనిచేస్తూ ఇలా చేసుంటే చెంప పగలగొట్టేవాణ్ణి. గాలిని పీల్చడం కాదురా పని, దాన్ని ఇంటి బయటికి దాటించడం పని అని తిట్టేవాణ్ణి. నాకు తెలుసు. బిగించిన రోజే తెలుసు. తెలియనట్టు ఈ పుస్తకానికి కూడా అబద్ధం రాశాను.

కిందికి దిగి నిచ్చెన పక్కనే కూర్చుండిపోయాను. జయలక్ష్మమ్మ నీళ్ళు తెచ్చింది. చెప్పాను, అంతా, మూత సంగతితో సహా. ఖాళీ గ్లాసు అందుకుంది. తర్వాత, "నా సాంబ్రాణి పొయ్యి ఆర్పించినారే," అంది. అంతే అంది.

అక్టోబరు 26, ఆదివారం

అన్నయ్య దగ్గరికి వెళ్ళాను. పూజగది గడపలో కూర్చుని తులసి దళాలు తుంచుకుంటున్నాడు.

"అన్నా, ఆ గోడ పొడవాల్న."

"మాట ఇచ్చినావే?"

"పాపకి ఊపిరి ఆడలేదన్నా. ఆవిరంతా దాని మంచం మీదికే పోతుండాది."

తుంచుతున్న చెయ్యి ఆగింది. "ఇన్ని దినాలుగా?"

"ఆగస్టు నుంచి."

"నీకు తెలుసునా?"

ఆయన చేతిలోని తులసి వైపు చూశాను. అదే జవాబు.

"నేను బియ్యం అమ్ముకునేవాణ్ణిరా," అన్నాడు, గొంతు పెంచకుండా. "గొట్టం యాడికి పోవాల్నో నాకేం ఎరుక? ఆ గోడ వొద్దంటిని. కుదరదన్నా, పిల్లకి చేటు అని నువ్వు చెప్పుండాల. చెప్పింటే నేను పెరుమాళ్ళనే ఇంకో గదికి మార్చుండనా? నా మీద పెట్టి నువ్వు తప్పించుకుంటివి."

తులసి పక్కన పెట్టి లేచాడు.

"పొడుచుకో పో. పిల్ల ముఖ్యం. నువ్వు మాత్రం కొన్నాళ్ళు నా కంటికి కనబడొద్దు."

పదకొండేళ్ళు మాట్లాడనప్పుడు కూడా ఇంత బాధ లేదు. అప్పుడు తప్పు ఆయనదని అనుకునేవాణ్ణి.

అక్టోబరు 27

నరేంద్రన్‌కు చెప్పాను. డ్యూటీ నుంచి వచ్చి కాఫీ తాగుతున్నాడు. గ్లాసు పెట్టేసి సందులోకి వెళ్ళి, స్క్రూడ్రైవరుతో మూత పెకిలించాడు. వెనక నున్నటి గోడ. నా సుద్ద గుండ్రం ఇంకా ఉంది. మూత నా చేతికిచ్చి లోపలికి పోయాడు. తిట్టి ఉంటే బాగుండేది.

అక్టోబరు 28, మంగళవారం

విల్లియనూరు. బస్సులో పోయేటప్పుడు మాటలన్నీ వరసగా పేర్చుకున్నాను, అక్కడికి వెళ్ళాక ఒక్కటీ రాలేదు. పాప బడిలో ఉంది. నివేదిత కుర్చీ వేసి నిలబడింది. కూర్చోమ్మా అన్నాను. కూర్చోలేదు.

గొట్టం ఎక్కడ వదిలానో చెప్పాను. మూత చెప్పాను. డాక్టరమ్మ దగ్గర లేదన్నది అబద్ధమని చెప్పాను.

ఆ పిల్ల అరవలేదు. కొంగు చివర వేలికి చుట్టుకుంటూ మెల్లగా మొదలుపెట్టింది.

"మామా, నేను దానికి అరిటిపండు మాన్పించినా. పాలు మాన్పించినా. పెరుగన్నం కావాలని ఏడిస్తే కొట్టినా ఒకనాడు. తలంటుకుంటే నా జుట్టు తడి దానికి తగులుతుందేమో అని రెండు నెలలుగా దాన్ని ఒళ్ళో పండబెట్టుకోలేదు. మా నైనా రోగం నా రక్తంలో వచ్చి నా బిడ్డకి అంటిందని దినమూ ఏడుస్తుండా."

నేను తల ఎత్తలేదు.

"మీకు తెలుసు. నేను ఏడ్చేది మీరు చూసినారు."

చూశాను. అదీ నిజమే. వంటింట్లో కళ్ళు తుడుచుకోవడం రెండుసార్లు చూసి, ఉల్లిపాయలనుకున్నాను.

క్షమించమ్మా అన్నాను. అరవై ఆరేళ్ళలో నాకంటే చిన్నవాళ్ళతో ఆ మాట అనడం ఇదే మొదలు. గడియారం వైపు చూసింది. "పాప వచ్చే వేళయింది. మీరుంటే మీతో వస్తానని ఏడుస్తాది," అంది. లేచి వచ్చేశాను.

నవంబరు 2, ఆదివారం

మణిమారన్‌ను పిలిపించాను. గోడకు రంధ్రం వేసే మిషను అతనిది. నా ఇంట్లో ఇంకొకడు నిచ్చెన వేశాడు. నేను కింద నిలబడి పట్టుకున్నాను.

నాలుగంగుళాల రంధ్రం. వంపుల్లేకుండా పొట్టి గొట్టం, తిన్నగా. లోపల చేరిన తడి బయటికే కారిపోయేలా సందు వైపు కాస్త వాలు. కీళ్ళన్నిటికీ రేకు టేపు. బయట కదిలే మూత. స్నానాలగది తలుపు కింద అరంగుళం కోయించాను, లోపలికి గాలి రాకపోతే ఫ్యాను దేన్ని తోస్తుంది? పాత సీలింగు రెండు గదుల్లోనూ పూర్తిగా పీకించాను. బద్దెలు కూడా ఉంచలేదు. నరేంద్రన్ ముక్కుకు గుడ్డ కట్టుకుని పలకలన్నీ తనే మోసి బయట పారేశాడు. నన్ను ముట్టుకోనివ్వలేదు, "దుమ్ము, పక్కకి పోండి నైనా," అన్నాడు. నైనా అన్నాడు.

ఫ్యాను వేసి, కాగితం ముక్క జాలీకి ఆనిస్తే అంటుకుని నిలబడింది. సందులోకి పరుగెత్తాను. మూత లేచి ఉంది. చెయ్యి పెడితే గాలి తగిలింది.

మొత్తం ఒకటిన్నర పూట పని.

నవంబరు 3

అన్నయ్య పూజగది కిటికీకి చెక్క కొట్టించాడు.

నవంబరు 9

గోడలు ఆరుతున్నాయి. కొత్త సీలింగు వెయ్యలేదు, పైకప్పు దూలాలు కనిపిస్తున్నాయి. అలాగే ఉండనీ అన్నాడు నరేంద్రన్. ఏదొచ్చినా కంటికి కనబడుతుందట.

జయలక్ష్మమ్మతో శుక్రవారం సాంబ్రాణి వేసుకోమన్నాను. "ఇప్పుడొద్దు. పాప ఊపిరి కుదురుకోనీండి," అంది. తనకు ఎవరూ చెప్పనక్కర్లేదు.

నవంబరు 16, ఆదివారం

పాప వచ్చింది. పొద్దున వచ్చి సాయంత్రం పోవాలని ముందే అనుకున్నారు. నివేదిత నాకు కాఫీ ఇచ్చింది, మాట్లాడలేదు. గ్లాసు చేతికి కాకుండా బల్ల మీద పెట్టింది.

మధ్యాహ్నం అన్నాలయ్యాక పాప ఆ గది గుమ్మంలో నిలబడి పైకి చూసింది. దూలాలు చూసి నోరు తెరిచింది. తర్వాత నా వేలు పట్టుకుంది.

"తాతా, ఇంక నేను ఈడ పడుకోవచ్చా?"

పడుకోవచ్చమ్మా అనే మాట నాలుక చివరి దాకా వచ్చింది. గోడ నా చేత్తో తడిమాను, పొద్దున కూడా తడిమాను, పొడిగా ఉంది. గాలి బయటికి పోతోంది. నాకు తెలుసు. నాకు తెలుసు అన్న మాటకు ఈ ఇంట్లో ఇప్పుడు విలువ ఎంతో అదీ తెలుసు.

"మీ అమ్మనడుగు," అన్నాను.

నివేదిత వచ్చింది. గదంతా కలియజూసింది. మంచం లాగి, వెనక గోడకు అరచెయ్యి ఆనించి ఉంచింది, జ్వరం చూసినట్టు. మూలలో ముక్కు పెట్టి వాసన చూసింది. స్నానాలగదిలోకి వెళ్ళి ఫ్యాను వేసి, చెప్పులు తొడుక్కుని సందులోకి వెళ్ళి చూసి వచ్చింది. అంతసేపూ పాపా నేనూ గుమ్మంలోనే నిలబడ్డాం. పరీక్ష రాసినవాడిలా నిలబడ్డాను.

"ఈ పొద్దు వద్దు," అంది.

పాప మొహం ముడుచుకుంది.

"వచ్చే ఆదివారం నీ దుప్పటి తెచ్చుకుందాం," అంది నివేదిత, పాపతో. నా వైపు చూడలేదు.

నేను స్నానాలగదిలోకి వెళ్ళి తలుపు వేసుకున్నాను. కుళాయి తిప్పి ముఖం కడుక్కున్నాను. బయటికి రావడానికి చాలాసేపు పట్టింది.